సిగ్నల్ లేని చోట పాట

పాటలన్నీ ఫోన్లోకి వెళ్లిపోయాయని పట్నం అనుకుంటోంది. కామవరపుకోట పామాయిల్ తోటల్లో, పొగాకు బ్యారన్ల దగ్గర, కొల్లేటి చేపల చెరువుల గట్ల మీద మాత్రం మెమరీ చిప్పు వేసుకునే చిన్న డబ్బా ఇంకా మోగుతూనే ఉంది. అది అలా నిలబడటానికి కారణాలున్నాయి.

అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. ముందు చిల్లుల స్పీకరు. వెనక మూత తీస్తే పాత నోకియా ఫోన్లలో వేసే బీఎల్-5సీ బ్యాటరీ. పక్కన పెన్‌డ్రైవ్‌కు ఒక కన్నం, చిప్పుకు సన్నటి గాడి, నెత్తిన సాగదీసే ఏరియల్. కంపెనీ పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఉన్నా ఏదో పెద్ద బ్రాండు పేరులో ఒక అక్షరం అటూఇటూ చేసి అచ్చేసిందే అయివుంటుంది. స్విచ్ వేయగానే చైనాలో ఎవరో అమ్మాయి ‘బ్లూటూత్ మోడ్’ అని గట్టిగా అరుస్తుంది. ఆ అరుపుకు కామవరపుకోట మండలంలో ఎవరూ ఉలిక్కిపడరు. మీట ఇంకోసారి నొక్కితే చిప్పు అందుకుంటుంది. ఘంటసాలో, బాలూనో, ఏ క్రైస్తవ కీర్తనో మొదలవుతుంది.

ఏలూరు కొత్త బస్టాండులో నిలబడి చూడండి, ఈ వస్తువు కంటపడదు. కుర్రాళ్ల చెవుల్లో వైర్లు లేని గుండీలుంటాయి. పాట ఎక్కడో సర్వరు నుంచి దిగి నేరుగా చెవిలోకి పోతుంది. మెట్ట దారి పట్టి తాడికలపూడి దాటాక లెక్క మారిపోతుంది. ఇక్కడ ఫోను లేనివాళ్లు తక్కువే. ఫోను ఉన్నా పాటకు డబ్బానే నమ్ముకున్నవాళ్లు ఎక్కువ. దాన్ని పేదరికం ఖాతాలో రాసేయడం తేలిక. చేసే పనిని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు

పామాయిల్ గెల కోసేవాళ్లను దగ్గరుండి చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. చెట్టు ఎదిగిన కొద్దీ కొడవలి కట్టిన గడ పొడుగవుతుంది. మెడ పైకెత్తి, మట్ట ఎటు జారుతుందో, పదిహేను ఇరవై కిలోల గెల ఎటు పడుతుందో కనిపెట్టుకుంటూ లాగాలి. మట్ట విరిగే చప్పుడు చెవిన పడకపోతే ప్రమాదం, కాబట్టి ఇయర్‌ఫోన్లు పనికిరావు. చేతులకు జిడ్డు, దుమ్ము, ముళ్ల గీతలు. ఆ వేళ్లతో అద్దం మీద గీస్తే ఏ ఫోనూ మాట వినదు. పైగా ఎదిగిన తోటలో మట్టలు ఒకదానిమీద ఒకటి కమ్ముకుని ఉంటాయి. లోపలికి వెళ్లిన కొద్దీ చాలాచోట్ల సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పడిపోతాయి. అందుకే డబ్బాను సైకిల్ హ్యాండిల్‌కు తగిలిస్తారు, లేదా అన్నం క్యారేజీ పక్కన పెడతారు. మధ్యాహ్నం భోజనాల దాకా దాని జోలికి ఎవరూ వెళ్లరు.

పొగాకు బ్యారన్ దగ్గర అవసరం మరోరకం. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వేలం కేంద్రాలకు వెళ్లే వర్జీనియా ఆకంతా ముందు ఈ బ్యారన్లలో ఉడకాల్సిందే. పచ్చాకు కర్రలకు కట్టి లోపల వేలాడదీశాక, ఐదారు రోజుల పాటు వేడిని మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. మొదట ఆకు పసుపు తిరగాలి, తర్వాత రెక్క ఆరాలి, చివరకు ఈనె ఎండాలి. 35 డిగ్రీల దగ్గర మొదలైన వేడి 70 దాకా వెళ్తుంది. అర్ధరాత్రి పొయ్యి చల్లారినా, మంట ఎగదన్నినా రంగు పోతుంది. రంగు పోతే వేలంలో ధర పోతుంది. అందుకని రాత్రుళ్లు ఒక మనిషి మేలుకుని కట్టెలు ఎగదోస్తూ, థర్మామీటరు చూస్తూ కూర్చోవాలి. సంక్రాంతి వెళ్లాక మెట్ట ఊళ్లలో రాత్రి రెండు గంటలకు వినిపించే పాటలు ఇలాంటివే. వీడియో పెట్టుకుంటే కళ్లు అటే అతుక్కుపోతాయి, పొయ్యి మాట మరిచిపోతాం. పాటైతే కళ్లను వదిలేసి చెవులనే పట్టుకుంటుంది.

మెట్ట దిగి కొల్లేటికి వెళ్దాం. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడ్డాక కామవరపుకోట, కైకలూరు ఒకే జిల్లాలో పడ్డాయి. కొండ పక్క ఊరు, కొల్లేటి ఊరు ఒకే కలెక్టరు కిందికొచ్చాయి. చేపల చెరువు గట్టు మీద మకాం వేసిన కాపలా మనిషికి రాత్రి రెండు పనులు. ఒకటి దొంగల కాపలా. రెండోది అంతకన్నా ముఖ్యం. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు ఏరేటర్లు తిప్పకపోతే పొద్దున్నకు చెరువు నిండా నష్టమే. ఆ వేళకు మెలకువగా ఉండటానికి డబ్బానే తోడు. మేత బస్తాలు మోసే పడవలోనూ అదే. నీళ్లలో పడితే ఎంత పోతుంది? కొన్ని వందలు. అదే ఫోను పడితే నెల జీతం, అందులోని నంబర్లు, బ్యాంకు మెసేజీలు అన్నీ పోతాయి.

ట్రాక్టర్ సంగతి సరేసరి. డ్యాష్‌బోర్డు కింద బిగించేది పెన్‌డ్రైవ్‌తో పాడే డెక్కే. డ్రైవర్లు మాత్రం దాన్ని ఇప్పటికీ ‘టేపు’ అనే అంటారు. దుక్కి దున్నేటప్పుడు ఇంజను మోత మీద వినబడాలంటే సౌండు ఎంత పెట్టాలో పక్క ఊరివాళ్లను అడిగితే చెబుతారు.

రాసిచ్చిన లిస్టు నుంచి చిప్పు దాకా

మెట్టకు పాటను మొదట మోసుకొచ్చింది రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక తెల్లవారితే భక్తిరంజని, పొద్దుటి పూట సినిమా పాటలు. ఏ పాట వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినదాన్ని వినడమే. ఆ తర్వాత క్యాసెట్. ఖాళీ క్యాసెట్ కొని, తెల్ల కాగితం మీద పాటల పేర్లు వరసగా రాసి రికార్డింగ్ షాపులో ఇచ్చేవాళ్లం. అరవై నిమిషాల క్యాసెట్‌లో రెండు వైపులా కలిపి పద్నాలుగో పదిహేనో పాటలు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగేది. నాన్నకు పద్యాలు కావాలి, అమ్మకు సుశీల కావాలి, పిల్లలకు కొత్త సినిమా కావాలి. లిస్టు రాసేవాళ్లదే రాజ్యం.

ఆ పంచాయితీని తీర్చేసింది జర్మనీలోని ఎర్లాంగెన్‌లో కొందరు ఇంజినీర్లు చేసిన లెక్క. ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ బృందం చాలా ఏళ్లు ఒక్క ప్రశ్న మీద పనిచేసింది. పాటలో చెవికి ఎలాగూ వినబడని భాగాన్ని పారేస్తే ఎంత మిగులుతుంది? డీజిల్ ఇంజను పక్కన నిలబడ్డవాడికి చెవి దగ్గర దోమ రొద వినిపించనట్టే, పెద్ద ధ్వని మోగుతున్నప్పుడు దాని పక్కనున్న చిన్న ధ్వనులు మన చెవికి అందవు. వాటిని తీసేయడమే ఎంపీ3 కిటుకు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు తినే పాట 128 కిలోబిట్లకు దిగుతుంది. పదకొండో వంతు. ఈ లెక్కకు పదును పెట్టేటప్పుడు బ్రాండెన్‌బర్గ్ పదేపదే విన్నది వాద్యాలేవీ లేకుండా అమెరికన్ గాయని సుజాన్ వేగా పాడిన ‘టామ్స్ డైనర్’. ఒంటరి గొంతును చెడకుండా కుదించడమే అన్నిటికన్నా కష్టమట. ఫైలు పేరు చివర ఎంపీ3 అని పెట్టాలని 1995 జులైలో తేల్చుకున్నారు. పేటెంట్ల గడువు ముగిసి, 2017 ఏప్రిల్‌లో లైసెన్సు వసూళ్లు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు చైనాలో ఎవరు ఏ డబ్బా చేసినా ఎంపీ3 కోసం పైసా కట్టక్కర్లేదు. మన సంతలో అది అంత చవగ్గా దొరకడానికి ఇదీ ఒక కారణమే.

జేబులో పట్టే మొదటి ఎంపీ3 యంత్రాలు 1998లో వచ్చాయి. కొరియా నుంచి ఎంపీమ్యాన్, అమెరికాలో డైమండ్ కంపెనీ రియో. రియోలో 32 మెగాబైట్లు. అంటే పట్టుమని పది పాటలు. అయినా అమెరికా రికార్డు కంపెనీలు భయపడి కోర్టుకెక్కాయి. 1999లో అప్పీలు కోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది: తన దగ్గర ఉన్న పాటను తన సొంత వినికిడి కోసం ఒక చోటి నుంచి మరో చోటికి మార్చుకోవడంలో తప్పు లేదు. ఈ తీర్పు ఆ రోజుల్లో ఇక్కడ ఎవరికీ పట్టలేదు. అయినా జేబులో పాట మనదేనని మనం అనుకోవడానికి బలమిచ్చినవాటిలో అదొకటి.

2001 అక్టోబరులో ఐపాడ్. 5 గిగాబైట్లు, వెయ్యి పాటలు, 399 డాలర్లు. అప్పటి మారకంలో 19 వేల రూపాయల పైమాటే. మెట్టకు అది అమెరికా నుంచి వచ్చిన పిల్లల సూట్‌కేసుల్లోనే దిగింది. అమ్మానాన్నలకు ముద్దుగా ఇచ్చి వెళ్లేవాళ్లు. కొత్త పాట వేయాలంటే కంప్యూటరు కావాలి, అందులో ఐట్యూన్స్ కావాలి. పిల్లలు విమానం ఎక్కిన మర్నాటి నుంచి ఆ తెల్లటి బిళ్ల బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉండేది. 2022 మేలో యాపిల్ ఐపాడ్ తయారీ ఆపేసిందంటే లోకమంతా వ్యాసాలు రాసుకుంది. ఇక్కడ ఎవరూ బెంగ పెట్టుకోలేదు. ఈ ప్రాంతంలో పాట నిజంగా సొంతమైంది మెమరీ చిప్పుతోనే.

‘మనవడివన్నీ తీసెయ్’

వేలి గోరంత చిప్పు ఫోన్లలోకి వచ్చాక ప్రతి ఊరి సెంటర్లో సెల్లు షాపు ముందు ‘పాటలు, సినిమాలు ఎక్కించబడును’ అని బోర్డు వెలిసింది. పదికో ఇరవైకో చిప్పు నిండేది. కౌంటరు మీది సంభాషణలు అచ్చం ఇలా ఉండేవి:

‘అబ్బాయ్, ఘంటసాలవి ఓ వంద ఎక్కించు. మాయాబజార్ ఒక్కటీ వదలకు.’

‘అలాగే తాతగారూ. కానీ చిప్పులో ఖాళీ లేదండి. ఏవి తీసెయ్యమంటారు?’

‘మనవడు ఎక్కించినవన్నీ తీసెయ్.’

‘మరి భగవద్గీత వెయ్యనా అండి?’

‘దానికింకా టైముంది గానీ, పడక సీను పద్యాలున్నాయా చూడు.’

ఆ ‘టైముంది’ అన్న మాటకు తెలుగువాడికి వివరణ అక్కర్లేదు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాక బయటికొచ్చిన ఆ రికార్డును వైకుంఠ రథాలు సొంతం చేసుకున్నాయి. పొద్దున్నే ఎవరింట్లోనైనా గీత వినిపిస్తే పక్కింటివాళ్లు కంగారుపడి వచ్చి పలకరిస్తారు. అంత గొప్ప గానానికి ఇది న్యాయం కాదు. అయినా అలవాటు అలా స్థిరపడిపోయింది.

ఆ షాపు కుర్రాళ్లు ఈ ప్రాంతపు అభిరుచిని తీర్చిదిద్దిన వాళ్లని నా అభిప్రాయం. ఎవరి ఫోల్డరు పేరు ఏమిటో వాళ్ల కంప్యూటరు చూస్తే తెలిసేది: ‘పాతవి’, ‘బాలు హిట్స్’, ‘అయ్యప్ప’, ‘క్రిస్టియన్’, ‘కోలాటం’, ‘నాటకాలు’. పాండవోద్యోగం నాటకంలో పీసపాటి నరసింహమూర్తి కృష్ణ పద్యాలను రేడియోలో ఏ రోజు వేస్తారా అని ఎదురుచూసిన తరం చివరి రోజుల్లో వాటిని తనివితీరా విన్నది ఈ చిప్పుల్లోనే. చర్చిల ద్వారా వచ్చిన ఆడియో బైబిల్ పెట్టెలదీ ఇదే దారి. సౌర ఫలకంతో చార్జయ్యే పెట్టె, అందులో వచనమంతా తెలుగులో. చదవడం రాని పెద్దమ్మలకు గ్రంథం మొదటిసారి నేరుగా అందింది.

చెప్పుకోవలసిన రెండో మాట కూడా ఉంది. ఆ కౌంటరు మీద ఎక్కిన పాటలకు రాసినవాళ్లకు, కట్టినవాళ్లకు, పాడినవాళ్లకు దమ్మిడీ ముట్టలేదు. సినిమా పాటల మీద రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీ హక్కును గట్టిపరుస్తూ 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. చట్టం ఢిల్లీలో మారింది, షాపులో ఇరవై రూపాయలు ఇరవై రూపాయలుగానే ఉండిపోయాయి. గోదావరి ఒడ్డున కొవ్వూరులో పుట్టిన కీరవాణికి 2023లో ఆస్కార్ వస్తే టపాసులు కాల్చాం. ఆయన పాటలున్న చిప్పుకు మనం కట్టినదాంట్లో ఆయన వాటా సున్నా. నిజాయితీగా కొనుక్కుందామంటే తెలుగు పాటను ఫైలుగా అమ్మే కొట్టు పల్లెలో ఏనాడూ లేదన్నదీ అంతే నిజం.

అద్దె పాటలు

ఆ లోటును 2017లో ఒక పాత కంపెనీ పసిగట్టింది. ఒకప్పటి హెచ్‌ఎంవీ, ఇప్పటి సారెగమా. 5 వేల పాటలు ముందే నింపేసి, పాత రేడియో రూపం ఇచ్చి, గాయకుడి పేరు దగ్గరకు గుండ్రటి మీట తిప్పితే చాలు పాట వచ్చేలా కారవాన్ తెచ్చింది. మొదటి ధర 5,990 రూపాయలు. హిందీ తర్వాత తెలుగుకూ వచ్చింది. కంప్యూటరు వద్దు, నెట్టు వద్దు, మనవడి సాయం వద్దు. పాట హక్కుదారుకు డబ్బు కూడా చేరుతుంది. గృహప్రవేశాలకు, షష్టిపూర్తులకు ఇచ్చే కానుకల్లో ఇది చేరిపోయింది. ఐదువేల పాటలూ కంపెనీ ఎంచినవే అన్నది దీనిలోని వెలితి. అయితే పెన్‌డ్రైవ్ కన్నం ఇచ్చారు కాబట్టి పద్యాల పిచ్చివాళ్లు బతికిపోయారు.

ఇక ఫోన్లో యాప్ ద్వారా వినే పాటలు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకై, చిప్పు షాపులు ఒక్కొక్కటే రీచార్జి షాపులైపోయాయి. లక్షల పాటలు వేలి కింద ఉన్నాయి, సదుపాయం కాదనలేం. కానీ అవి మనవి కావు. 2019 ఏప్రిల్‌లో సారెగమా కోర్టుకెళ్లడంతో స్పాటిఫై ఆ కంపెనీ పాటలన్నీ తీసేసింది. తిరిగి ఒప్పందం కుదిరింది 2020 జూన్‌లో. ఏడాదికి పైగా, డబ్బు కట్టినవాళ్లకు కూడా, పాత పాటల పెద్ద గని అక్కడ మూతబడే ఉంది. 2024లో ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఏళ్ల తరబడి అందులో కూర్చుకున్న పాటల వరసలు యాప్‌తోనే పోయాయి. చెరువు గట్టు మీది డబ్బాకు ఇలాంటి వార్తలు తగలవు. నిన్న పాడిన పాట ఇవాళా పాడుతుంది. మధ్యలో గుట్కా ప్రకటన రాదు.

డబ్బా భక్తి మరీ ఎక్కువైనవాళ్లూ ఉన్నారు. జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహలకు విహారానికి వెళ్లి, రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ గుండ్రటి చైత్యంలో బ్లూటూత్ స్పీకరు మోగించే కుర్రాళ్లకు ఒక్కటే మనవి: ఆ ఒక్క చోటా ఆపేయండి. ఇక సౌండు సంగతి. ఇయర్‌ఫోన్ల వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. ట్రాక్టరు టేపుల వాళ్లకు హద్దు చెప్పే సాహసం ఎవరూ చేయలేదు.

వరస ఎందుకు తప్పుతుంది

డబ్బా వాడేవాళ్లందరి ఫిర్యాదూ ఒక్కటే. సుప్రభాతం మొదట రావాలని అనుకుంటే ఐటెం సాంగ్ వస్తుంది. చవక ప్లేయర్లు చాలావాటికి అక్షరక్రమం తెలియదు. చిప్పులోకి ఏ ఫైలు ముందు ఎక్కిందో అదే ముందు పాడతాయి. కాబట్టి చిప్పును ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేసి, ఆ వరసలోనే ఒక్కొక్కటిగా ఎక్కించాలి.

పెద్ద చిప్పు కొంటే మంచిదనుకోవడం ఇంకో పొరపాటు. 64 జీబీ, ఆపైన ఉన్నవి ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో వస్తాయి. చాలా డబ్బాలకు అది చదవడం రాదు. 32 జీబీ చాలు. మామూలు నాణ్యతలో 8 వేల పాటలు పడతాయి. రాత్రింబవళ్లు ఆపకుండా విన్నా మూడు వారాలు పడుతుంది. సంతలో సగం ధరకు దొరికే ‘పెద్ద’ చిప్పుల్లో కొన్ని లోపల చిన్నవే ఉంటాయి. నిండినట్టే నిండి, విన్నప్పుడు సగం పాటలు పలకవు. పాత సినిమా పాటలకు 320 కిలోబిట్ల ఫైళ్ల కోసం వెతకడం కూడా వృథా. యాభైల నాటి పాట ఒకే ట్రాకు మీద రికార్డయింది. 128లోనే అందులోని సారమంతా వచ్చేస్తుంది. బ్యాటరీ ఉబ్బితే మొహమాటం లేకుండా మార్చేయండి. 2007 ఆగస్టులో 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీల గురించి నోకియా స్వయంగా హెచ్చరిక చేసింది. అది అసలు కంపెనీ సరుకు. మన డబ్బాలో ఉన్నది నకలుకు నకలు.

మీ చిప్పులో మీ ఊరి గొంతులు

ఈ డబ్బాల మీద ఒక నింద ఉంది. నాట్లలో, కలుపుల్లో ఆడవాళ్లు పాడుకునే పాటలను ఇవి మింగేశాయని. గట్టు మీద డబ్బా పాడుతుంటే మడిలో నోరు విప్పేదెవరు? నిందలో నిజం ఉంది. అయితే అదే చిప్పు మరో పనీ చేసింది. శ్రీరామనవమి పందిట్లో ఆడిన నాటకం, కోలాటం జట్టు పాటలు, చావడిలో భజన, క్రిస్మస్ రాత్రి గాయక బృందం, మంచం పట్టక ముందు నాయనమ్మ పాడిన లాలి. ఎవరో ఒక కుర్రాడు ఫోనులో రికార్డు చేసి చిప్పులో పడేశాడు. సినిమా పాట పోతే ఇంకో లక్ష చోట్ల దొరుకుతుంది. ఇవి ఇంకెక్కడా లేవు.

చిప్పు శాశ్వతం కాదు. అందులో పాటలన్నీ నిలిచేది సూక్ష్మమైన గదుల్లో బంధించిన విద్యుత్ ఆవేశంగా. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి డ్రాయర్లో పడి ఉంటే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. ఒకరోజు పెట్టి చూస్తే ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది. చేయమనకండి. అంతదాకా రానివ్వకండి. ఈ ఆదివారం పాత ఫోన్లు, విరిగిన డబ్బాలు, ట్రాక్టరు టేపు దగ్గరున్న పెన్‌డ్రైవ్ అన్నీ ఒకచోట పోగేయండి. మీ ఊరివాళ్ల గొంతులున్న ఫైళ్లను విడిగా తీసి, ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ సంవత్సరమో ఫైలు పేరులోనే రాయండి. ఒక కాపీ కంప్యూటరులో, మరొకటి కొత్త చిప్పులో పెట్టి, ఆ చిప్పును వేరే ఊళ్లో ఉన్న చెల్లెలి ఇంట్లోనో బాబాయి ఇంట్లోనో ఉంచండి.